రేపు ఒక్కరోజు రాకు

జనగామ,
21 ఆగస్టు 2011, ఆదివారం.

ఉపేందరన్నకు,

ఫోను ఉండగా ఈ కాగితాలేంది అని గొణుక్కుంటావు. గొణుక్కో. ఓపెన్ టెన్త్ రాస్తానని కన్న యాడి ముందు ఒప్పుకున్నది నువ్వే. మూడు గంటలు కూర్చొని రాయాలంటే చేతికి అలవాటుండాలి. కరెంటు ప్లాంటులో రోజంతా ఇనుప పైపులు బిగించే చేతికి పెన్ను మళ్లీ కొత్తే. అందుకని ఈ రోజు నుంచి నువ్వు ఫోన్ చేస్తే ఎత్తను, రాస్తే చదువుతాను. చెల్పూరు ఉత్తరం జనగామకు మూడు రోజుల్లో చేరుతుందని పోస్టాఫీసులో కనుక్కున్నాను.

టీచర్ కావడానికి ఏం చదువుతారని అడిగావు కదా. మొదటి నాలుగు నెలలు విద్య అంటే ఏమిటి, పిల్లవాడు అంటే ఎవరు అని చదివాం. పిల్లలకు డిక్టేషన్ చెప్పి రాయించడం మంచి పద్ధతి కాదు అనే పాయింటును మా సారు మాకు డిక్టేషన్ చెప్పి రాయించారు. తలెత్తి చూశాను. అరవైమందిలో ఒక్కరూ నవ్వలేదు. అండర్‌లైన్ చేసుకుంటున్నారు.

ఇప్పుడు మమ్మల్ని ఊళ్లో ఒక హైస్కూలుకు పాఠాలు చెప్పడానికి పంపారు. ఏటా ట్రైనింగ్ వాళ్లు వచ్చిపోయే బడి కాబట్టి పిల్లలు బాగా ముదిరారు. పాఠానికి ముందు మేం నాలుగు ప్రశ్నలు అడగాలి. నాలుగో ప్రశ్నకు జవాబు ఆ రోజు పాఠం పేరు కావాలి. నేను మొదటి ప్రశ్న నోట్లోంచి తీయగానే ఒకడు లేచి నాలుగో జవాబు చెప్పేశాడు. ఇంకో పిల్ల నా చార్టును పరీక్షగా చూసి, "గిది పోయినేడు టీచర్‌ది. గీ మూలకే చినిగుండె" అన్నది. నిజమే, సీనియర్ దగ్గర అడిగి తెచ్చుకున్నదే.

పాఠాలతో పాటు ఒక కేస్ స్టడీ రాయాలి. ఒక విద్యార్థిని ఎంచుకొని, అతని ఇబ్బంది ఏమిటో, దానికి కారణం ఏమిటో కనిపెట్టి ఇరవై పేజీల రికార్డు ఇవ్వాలి. అందరూ తమ తరగతిలో అల్లరి పిల్లల్ని ఎంచుకున్నారు. నేను నిన్ను ఎంచుకున్నాను. 'ఐదో తరగతిలో బడి మానిన విద్యార్థి.' ఇరవై ఆరేళ్లవాడు విద్యార్థి ఎట్లయితాడని సారు అడిగారు. ఓపెన్ టెన్త్ రాస్తున్నాడన్నాను. ఒప్పుకున్నారు.

పిల్లలు బడి మానడానికి మా పుస్తకంలో పద్నాలుగు కారణాలున్నాయి. నీది ఎందులో పడుతుందో సగం నాకే తెలుసు: పేదరికం, పశువులు, తండ్రి వలస. మిగతా సగం నువ్వు చెప్పాలి. పన్నెండు ప్రశ్నలు వెనక పేజీలో ఉన్నాయి. ఏదీ వదలొద్దు.

జవాబులకు ఎదురుచూసే చెల్లె,
సంగీత

*

చెల్పూరు,
28 ఆగస్టు.

సంగీతకు,

నీ కోరిక తీరింది. మొన్న పనిలో ఉండగా ఫోను జేబులోంచి జారి మూడంతస్తుల కింద పడింది. నేను పడలేదు. కొత్తది ఇప్పట్లో కొనను. కాబట్టి ఉత్తరాలే.

పుస్తకం భాషలో రాయమన్నావు గనుక అట్లే రాస్తున్నాను. చదువుకుంటే ఎవరో వేరేవాడు రాసినట్టుంది.

నీ ప్రశ్నలు చూశాను. మొదటిది, ఇంట్లో చదువుకునే వాతావరణం ఉండేదా అని. మన ఇల్లు ఒక్కటే గది. వాతావరణం అంతా బయటే ఉండేది. రెండోది, ఉపాధ్యాయుల పట్ల నా వైఖరి. మంచిదే. మూడు నుంచి పదకొండు వరకు ఒకే ప్రశ్నను తొమ్మిది రకాలుగా అడిగావు. పన్నెండోది, బడి మానడానికి ముఖ్య కారణం. బర్లు అని రాసుకో. బర్లంటే మీ సారుకు కూడా నచ్చుతుంది.

ఇక్కడ వచ్చే నెలలో తెలంగాణ కోసం అందరూ సమ్మెకు దిగుతారంటున్నారు. బొగ్గు బావులు, బస్సులు, బడులు అన్నీ బంద్ అట. మా పని కాంట్రాక్టరుది. మేం దిగినా దిగకపోయినా బొగ్గు ఆగితే ప్లాంటే ఆగుతుంది.

తిని పండుకో. పెన్నులో సిరా అయిపోతున్నది.

ఉపేందర్

*

జనగామ,
2 సెప్టెంబరు.

అన్నా,

బర్లు అని రాసుకోమంటావా? ఆ ఏడు మనకు ఉన్నది ఒక్క బర్రె. దాన్ని యాడి కూడా మేపగలదు. నాకు అప్పుడు ఆరేళ్లే కావచ్చు, కానీ ఇది గుర్తుంది.

నువ్వు చెప్పకపోతే నాకు వేరే దారి లేదనుకుని నిన్న బాపుకు ఫోన్ చేశాను. అన్నను బడి ఎందుకు మాన్పించినవ్ అని అడిగాను. బాపు మన లంబాడీ మాటల్లోనే అన్నాడు, తెలుగులో రాస్తున్నాను: "నేను ఆ యేడు ఖమ్మం దిక్కు మిరప ఏరను పోయి ఉంటి. వచ్చేసరికి వాడు బర్రెంట తిరుగుతుండె. అడిగితె సదువు రాదన్నడు. నేనేం మాన్పియ్యలే బిడ్డా." తర్వాత ఫోను యాడికి ఇచ్చి వెళ్లిపోయాడు.

నాకు అర్థమైంది. ఇద్దరిని చదివించలేక ఒకరిని ఆపారు. నన్ను ఆపాల్సింది, నిన్ను ఆపారు. నువ్వు అది నాకు తెలియకూడదని దాస్తున్నావు. నాకు తెలిసిపోయింది గనుక ఇక దాచే పని లేదు. రికార్డులో అదే రాస్తున్నాను.

నా ఫైనల్ లెసన్ 9వ తేదీ శుక్రవారం. బయటి నుంచి పరీక్షాధికారి వచ్చి చివరి బెంచీలో కూర్చుంటాడు. ఆ ఒక్క పాఠం బాగా రాకపోతే ముప్ఫై తొమ్మిది పాఠాలు చెప్పినా లాభం లేదు. ఏడో తరగతి జీవశాస్త్రం, విత్తనాలు ఒకచోటి నుంచి ఇంకోచోటికి ఎట్ల పోతాయి అనే పాఠం.

నాకు భయం ఒక్క పిల్లతోనే. పేరు జువేరియా. వాళ్ల నాయిన నబీసాబ్ దూది ఏకి పరుపులు కుడతాడు. ఆ పిల్లను లేపి ప్రశ్న అడిగితే లేస్తుంది, చూస్తుంది, ఏమీ చెప్పదు. కూర్చోమని అనేదాకా కూర్చోదు. పోయిన వారం నేను అనడం మరిచిపోయాను. గంట కొట్టేదాకా నిలబడే ఉంది. తరగతిలో ఒక్కరూ నాకు గుర్తు చేయలేదు. వాళ్లకు అది అలవాటే.

నీ బాకీ జవాబు పంపు. ఈసారి బర్రె రాకూడదు.

సంగీత

*

చెల్పూరు,
6 సెప్టెంబరు.

సంగీతా,

బాపును ఎందుకు అడిగావు? ఆయన మా మేస్త్రీ ఫోనుకు చేసి నన్ను పిలిపించుకున్నాడు. "నేను మాన్పిచ్చిన్నా ఉపేందర్? నిజం చెప్పు" అని అడిగాడు. మేస్త్రీ పక్కన నిలబడి వింటున్నాడు. నేను లేదు బాపు, లేదు బాపు అని నాలుగుసార్లు అన్నాను. పదహారేండ్ల కింద అడగని మాట ఆయన ఇప్పుడు నీ చదువు కోసం అడిగాడు.

అందుకే చెబుతున్నాను. నిన్ను చదివించడానికి నన్నెవరూ ఆపలేదు. ఆ బరువు నువ్వు మోయకు.

ఐదో తరగతిలో ఉండగా మన బడికి నీలాంటి ట్రైనింగ్ సారు వచ్చాడు. పేరు కూడా మరిచిపోయాను. మంచివాడు. అగ్గిపుల్లలు కట్టలు కట్టి లెక్కలు చెప్పేవాడు. నాకు కొంచెం ఆలస్యంగా అర్థమయ్యేది, విసుక్కోకుండా మళ్లీ చెప్పేవాడు. ఒకరోజు బడి విడిచినాక నన్ను ఆపి, "రేపు ఒక్కరోజు రాకురా ఉపేందర్, పెద్దసార్లు వస్తున్నరు" అన్నాడు. కొట్టలేదు, తిట్టలేదు. నాకు బాధ కూడా కాలేదు. సారు నాకొక్కడికే ఒక పని చెప్పాడనుకున్నాను.

తెల్లారి పోలేదు. ఆ తర్వాతి రోజు పోవాల్నా వద్దా తెలియలేదు. రాకు అన్నాడు గాని మళ్లీ ఎప్పుడు రావాలో చెప్పలేదు. ఎవరన్నా పిలుస్తారని చూశాను. యాడి సెలవులనుకుంది. ఐదు రోజులైనాక పోదామంటే, ఇన్ని రోజులు ఎక్కడున్నవ్ అంటారని సిగ్గేసింది. పది రోజులైనాక నేను బడి మానినవాణ్ణి అయిపోయాను. నేను మానలేదు. అట్ల అయిపోయింది.

బాపు వచ్చి అడిగితే ఇదంతా చెప్పడానికి మాటలు లేవు. చదువు రాదన్నాను. అది చెప్పడం సులభం.

నీ పద్నాలుగు కారణాల్లో ఇది ఉంటే రాసుకో. లేకపోతే వదిలెయ్. బాపుకు మాత్రం ఫోన్ చేసి మాట్లాడు.

ఉపేందర్

*

జనగామ,
10 సెప్టెంబరు, శనివారం.

అన్నా,

నీ దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు. కోపమొచ్చినట్టుంది. ఉండనీ, నేను మాత్రం మంచి సంగతి రాస్తాను. ఫైనల్ లెసన్ అయిపోయింది. బాగా అయింది.

పిల్లలు జిల్లేడు కాయ పగిలి ఎగిరేది చెప్పారు, పల్లేరు ముల్లు మేక కాళ్లకు అంటేది చెప్పారు. ఒక్క ప్రశ్న కూడా కింద పడలేదు. పరీక్షాధికారి నా పుస్తకంలో 'తరగతి మొత్తం చురుకుగా పాల్గొంది' అని రాసి సంతకం పెట్టాడు.

నీకు చెబితే నవ్వుతావు, అది మొత్తం తరగతి కాదు. ఫైనల్ నాడు అందరూ చేసే ఏర్పాటు ఒకటుంది. ఆ బడి జీవశాస్త్రం టీచరు రాజమౌళి సారే చెప్పాడు: "రెండు సెక్షన్ల తెలివైనోళ్లను ఒక్కకాడ కూసోబెట్టు అమ్మా. తక్కినోళ్లను నేను ఇంకో గదిల సూసుకుంట." జువేరియా సంగతేమిటన్నాను. ఆ పిల్ల ఇంకో గదిలో ఉన్నా వచ్చి కిటికీ దగ్గర నిలబడి చూస్తుంది. "ఇంటికాడ ఉండుమను, ఒక్క రోజే గద" అన్నాడు సారు. గురువారం బడి విడిచినాక పిలిచి, భుజం మీద చేయి వేసి, రేపు ఒక్కరోజు రాకు బిడ్డా అన్నాను. తలూపి వెళ్లిపోయింది. నన్నేం ఇబ్బంది పెట్టలేదు.

అక్కడ నా పాఠాలు అయిపోయాయి. మంగళవారం నుంచి సమ్మె మొదలవుతుందని హాస్టల్ ఖాళీ చేయమన్నారు. రేపు పొద్దున ప్యాసింజర్‌కు గార్లకు పోతున్నాను. బాపుతో నేరుగా మాట్లాడుతాను. రాసేది ఉంటే హాస్టల్‌కే రాయి, తండాకు రాస్తే పోస్టుమాన్ ఎప్పుడొస్తాడో ఆయనకే తెలియదు.

పాసయిపోయిన నీ చెల్లె,
సంగీత

*

చెల్పూరు,
15 సెప్టెంబరు.

సంగీతకు,

నీ ఉత్తరం ముట్టింది. నా ఉత్తరం అందనట్టు రాశావు, నేను నమ్మను. అది చదివిన తర్వాత కూడా నువ్వు ఆ పని చేసి, నవ్వుతావు అని నాకే రాశావు. నాకు నవ్వు రాలేదు.

నీ రికార్డులో నా గురించి ఏం రాసుకున్నా సరే. ఓపెన్ టెన్త్ ఫారం మాత్రం నింపను. ఇక రాయడానికి ఏమీ లేదు.

ఉపేందర్

*

జనగామ,
4 అక్టోబరు.

అన్నా,

నేను నీ ఆరో తేదీ ఉత్తరం నిన్ననే చదివాను. ముందు ఇది నమ్ము, తర్వాత మిగతాది చదువు.

రికార్డు కాగితాల కోసం నిన్న జనగామకు వచ్చాను. హాస్టల్‌కు తాళం ఉంది. వాచ్‌మన్ గదిలో కిటికీ మీద నీ రెండు ఉత్తరాలున్నాయి. మొదటిది 12న వచ్చిందట, నేను 11న పోయాను. పైన ఉన్నది నీ కోపం ఉత్తరం కాబట్టి దాన్ని ముందు విప్పాను. ఒక్క ముక్క అర్థం కాలేదు. ఇదేం కోపమని నాలోపల నేను నిన్ను తిట్టుకున్నాను కూడా. తర్వాత కింద ఉన్న ఆరో తేదీది విప్పాను. వాచ్‌మన్ మంచినీళ్లు కావాల్నా అమ్మా అని అడిగాడు.

ఈ మూడు వారాలు నేను ఏం చేశానో చెబుతాను. గార్లలో రైలు పట్టాల మీద కూర్చున్నాం, తండా మొత్తం. యాడి రొట్టెలు చేసి పట్టాల మీదికే పంపింది. బాపు స్లీపరు మీద తువ్వాల పరిచి, జీవితంలో మొదటిసారి టికెట్ లేకుండ కూసున్న అన్నాడు. నాతో బాగానే మాట్లాడుతున్నాడు, కానీ నీ పేరు వస్తే లేచి బర్రెల దగ్గరికి పోతున్నాడు. టెంటులో నన్ను మాట్లాడమంటే మైకు పట్టుకొని, పిల్లల చదువు నెల రోజులు పోతే పోయింది, రాష్ట్రం వస్తే అన్నీ వస్తాయి అన్నాను. చప్పట్లు కొట్టారు. రాష్ట్రం రావాలని ఇప్పుడూ అంటాను. కానీ జువేరియాను ఇంట్లో కూర్చోబెట్టింది సమ్మె కాదు. సమ్మెకు నాలుగు రోజుల ముందే నేను కూర్చోబెట్టాను.

నిన్న నేరుగా వాళ్లింటికి పోయాను. తాళం. పక్కింటి ఆమె చెప్పింది, సమ్మెలో ఇక్కడ గిరాకీ లేదని నబీసాబ్ పెండ్లాం పిల్లల్ని తీసుకొని భూపాలపల్లి దిక్కు పోయాడట. చలికాలం వస్తుంది, ప్లాంటు కాలనీలో పరుపులు కుట్టించుకుంటారని. జువేరియా ఆ సోమవారం బడికి పోయిందా అని అడిగాను. "పోలే. మీరు రావద్దన్నరంట గద" అన్నది.

అన్నా, ఆ పిల్లకు నేను ఒక్కరోజు అన్నాను. అదే మాట నీకు ఆ సారు అన్నాడు. నీ మీద నాకు ఏ హక్కూ లేదు ఇప్పుడు. అయినా అడుగుతున్నాను. మీ దిక్కే ఉన్నారు. చూడు.

సంగీత

*

చెల్పూరు,
14 అక్టోబరు.

సంగీతా,

నమ్మాను. బస్సులు లేక ఉత్తరాలు ఎప్పుడు ఏది ముందు వస్తుందో తెలియడం లేదు. నీ దానికి ఆరు రోజులు పట్టింది.

నబీసాబ్‌ను వెతకడం కష్టం కాలేదు. సమ్మె టెంటు పక్కనే రోడ్డు మీద పరదా కట్టుకొని ఉన్నాడు. సమ్మెవాళ్లు రోడ్ల మీద వంటలు పెట్టి తినే రోజు నేను ఆయన పక్కనే కూర్చొని అన్నం తిన్నాను, ఎవరో తెలియక. బొగ్గు లేక కరెంటు కోతలు. దూది ఏకే మిషన్ నడవదు. పాత విల్లు తీసి చేత్తో ఏకుతున్నాడు.

ఆ పిల్ల పరుపు అంచులు కుడుతున్నది. పెద్ద సూది, ఒక్క కుట్టు తప్పదు. నేను పరుపు ఖరీదు అడిగినట్టు కూర్చొని మాట కలిపాను. మాట్లాడదని రాశావు. బాగా మాట్లాడుతుంది. బూరుగు దూదిలో గింజ ఎట్ల రాలుతుందో, పత్తిలో ఎందుకు రాలదో నాకు అరగంట చెప్పింది. నువ్వు చెప్పింది విత్తనాల పాఠమే కదా. ఆ రోజు ఆమె ఉంటే నీకు పనికొచ్చేది.

తర్వాత అడిగాను, బడికి పోతలేవా బిడ్డా అని.

"టీచర్ రావద్దన్నది."

"ఎన్ని రోజులు?"

"మళ్ల ఎప్పుడు రావాల్నో చెప్పలే."

నేను పరుపు అంచు పట్టుకొని కుట్లు చూశాను.

నబీసాబ్ నవ్వి, "బడి ఏడుంది భాయ్, తెలంగాణ వచ్చినంక తెరుస్తరట గద. అప్పుడు పంపుత" అన్నాడు. ఆయన అది తమాషాకు అనలేదు. అట్లనే అనుకుంటున్నాడు. అందరూ ఏడో తరగతి చదివితే రాష్ట్రం వస్తుందంటే అది కూడా నమ్మేటట్టున్నాడు.

లెక్క వేశాను. ఆమెకు ఐదు వారాలు అయింది. నాకు పది రోజులకే అయిపోయింది. కానీ మధ్యలో బడే లేదు కాబట్టి ఆమెకు ఇంకా సిగ్గు మొదలు కాలేదు. బడి తెరిచిన రోజు నుంచి మొదలవుతుంది. తెరవగానే రాయి.

ఉపేందర్

*

జనగామ,
24 అక్టోబరు.

అన్నా,

బడులు తెరిచారు. నేను రాజమౌళి సారును కలిశాను. ఆయన చెడ్డవాడు కాదు. నలభై రోజుల పాఠాలు ఎప్పుడు పూర్తి చేయాలో తెలియక తల పట్టుకొని ఉన్నాడు. జువేరియా అంటే ఎవరు అన్నాడు. కిటికీ దగ్గర నిలబడే పిల్ల సార్ అంటే గుర్తొచ్చింది. రాని పిల్లల లెక్క పైనుంచి అడుగుతున్నారట. "బక్రీదు దాకా సూస్త. ఆ గురువారం పేరు కొట్టేస్త" అన్నాడు. బక్రీదు నవంబరు 7, సోమవారం. అంటే 10వ తేదీన పేరు పోతుంది. ఒకసారి పోతే మధ్య ఏడాదిలో మళ్లీ చేర్పించడానికి నబీసాబ్ పని వదులుకొని తిరగడు. నీకు తెలుసు.

దీనితో ఇంకో ఉత్తరం పెట్టాను. అది జువేరియాకు. రెండు పేజీలు. నేను ఎందుకు అట్ల అన్నానో, అది ఎంత తప్పో, ఆమెలో ఏ లోపం లేదని అంతా వివరంగా రాశాను. మూడుసార్లు తిరగరాశాను. నువ్వే చదివి వినిపించు.

నా ఫైనల్ లెసన్‌కు మా కాలేజీలో నాదే మొదటి మార్కు అట. ఎవరికీ చెప్పలేదు.

సంగీత

*

చెల్పూరు,
1 నవంబరు.

సంగీతా,

నీ రెండు పేజీలు చదివాను. ఇవ్వలేదు. బాగా రాశావు, కానీ అది నీకు పనికొచ్చే ఉత్తరం. పన్నెండేళ్ల పిల్లకు కారణాలు అక్కరలేదు. ఏ రోజు రావాలో కావాలి. ఆ ట్రైనింగ్ సారు నాకు క్షమాపణ చెబితే నేను ఏం చేసేవాణ్ణి? ఆయన కాళ్లు మొక్కి మళ్లీ బర్రె దగ్గరికే పోయేవాణ్ణి. బుధవారం రా అంటే పోయేవాణ్ణి.

నబీసాబ్‌తో మాట్లాడాను. రాష్ట్రం ఇంకా రాలేదు గాని బడి తెరిచారని చెబితే మొదట నమ్మలేదు. పండుగకు ఎట్లాగూ జనగామకు వస్తున్నారు. పిల్లను నాయనమ్మ దగ్గర వదిలి ఆయన మళ్లీ ఇటే వస్తాడు.

పిల్లకు చెప్పాను: నవంబరు 9, బుధవారం, పొద్దున తొమ్మిదిన్నర, గేటు దగ్గర టీచర్ నిలబడి ఉంటుంది. మూడుసార్లు చెప్పించుకున్నాను. ఇంకొక మాట కూడా చెప్పాను, అది మా ఇద్దరిది. నువ్వు ఆ రోజు పాఠం చెప్పడానికి అనుమతి తీసుకొని ఉంచు. ఎందుకని అడగకు. గేటు దగ్గర లేకపోతే మాత్రం నాకు ఇక రాయకు.

ఫారం నింపి ఇచ్చాను. సైన్సు కష్టంగా ఉంది. బాపుకు నేనే ఫోన్ చేసి మొత్తం చెప్పాను. అయితే నేను కాదు గద అన్నాడు.

ఉపేందర్

*

జనగామ,
9 నవంబరు, బుధవారం సాయంత్రం.

అన్నా,

తొమ్మిదింటికి ముందే గేటు దగ్గర నిలబడ్డాను. లోపలికి వచ్చే పిల్లలందరూ నమస్తే టీచర్ అంటూ, ఈమె మళ్లీ ఎందుకొచ్చింది అన్నట్టు చూస్తూ పోయారు. రాజమౌళి సారు మోటర్‌సైకిల్ ఆపి, మూడో పీరియడు నీదేనమ్మా, కానీ నీ లెసన్లు అయిపోయినయ్ గద, గిదేం లెసన్ అన్నాడు. రికార్డులో ప్రతి పాఠానికీ నంబరుంటుంది, దీనికి లేదు.

తొమ్మిదిన్నర అయింది. ప్రార్థన అయింది. గేటు మూశారు. నేను బయటే ఉన్నాను. పది దాటింది. నువ్వు తేదీ తప్పు చెప్పావనుకున్నాను, నబీసాబ్ పండుగకు రానేలేదనుకున్నాను, వచ్చి పిల్లను మళ్లీ తీసుకుపోయాడనుకున్నాను. వాళ్లింటికి పోదామంటే, నేను పోయిన సందులో కాకుండా వేరే సందులో వస్తే నేను గేటు దగ్గర లేనట్టే అవుతుంది. కదలలేదు.

పది ఇరవైకి వచ్చింది. తలకు నూనె కారుతున్నది. నాయనమ్మ జడలు వేసేదాకా కదలనియ్యలేదట. చేతులకు పండుగ గోరింట. గేటు దగ్గర ఆగి నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. ముందు ఆమే అడిగింది.

"ఫెయిలయిన్రా టీచర్?"

ఎవరు చెప్పారన్నాను.

"చెల్పూరు అన్న చెప్పిండు. నేను లేకుండ పాఠం చెప్పిన్రట గద, గందుకు పాసు చేస్తలేరట. నేనొచ్చి కూసుంటె మళ్ల చెప్పుకుంటరట."

అన్నా, నిన్ను తిట్టాలో ఏం చేయాలో ఆ నిమిషంలో తెలియలేదు. కాదు, నాకు మొదటి మార్కు వచ్చింది అని ఆ పిల్లకు చెప్పగలనా? రాత్రి నుంచి తయారుచేసుకున్న క్షమాపణ ఉంది, అది ఆమె అడగలేదు. ఆమె నన్ను ఆదుకోవడానికి వచ్చింది. అవును బిడ్డా, ఫెయిలయిన అన్నాను. అనేసిన తర్వాత వెనక్కి తీసుకుందామని చూస్తే, అందులో తీసుకోవలసిన అబద్ధం నాకు కనిపించలేదు.

మూడో పీరియడులో అదే పాఠం చెప్పాను. చార్టు లేదు, నాలుగు ప్రశ్నలు లేవు. ఈసారి తరగతి మొత్తం ఉంది, వెనక బెంచీలతో సహా. సగం ప్రశ్నలు కింద పడ్డాయి. ఇద్దరు కొట్టుకున్నారు. జువేరియాను లేపలేదు. ఆమె నా పని ఎట్ల నడుస్తున్నదో చూడడానికి వచ్చిన మనిషిలాగ రెండు చేతులు బల్ల మీద పెట్టుకొని కూర్చుంది. రాజమౌళి సారు రిజిస్టరులో ఆమె పేరు ఎదురుగా హాజరు వేశాడు.

గంట కొట్టినాక నా దగ్గరికి వచ్చింది.

"ఇప్పుడు పాసయిన్రా?"

"ఇంక కాలే. రేపు గూడ రావాలె."

"ఎన్ని రోజులు?"

"ఏడో తరగతి అయిపోయేదాక."

ఆమె వేళ్ల మీద నెలలు లెక్కపెట్టింది. తర్వాత నా దిక్కు చాలా జాలిగా చూసి, సరే వస్త అన్నది.

సంగీత